మయామీ డాల్ఫిన్స్ 1972 సీజన్

అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌ను నడిపే ఎన్‌ఎఫ్‌ఎల్ 1920లో పుట్టింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఒక్క ఆట ఓడకుండా, ఒక్కటి కూడా డ్రా చేసుకోకుండా సీజన్‌ను టైటిల్‌తో ముగించిన జట్టు ఒక్కటే ఉంది. అది 1972 నాటి మయామీ డాల్ఫిన్స్. 14 లీగ్ ఆటలు, నాకౌట్ పద్ధతిలో జరిగే రెండు ప్లేఆఫ్ ఆటలు, లీగ్ ఫైనల్‌గా 1973 జనవరి 14న జరిగిన ఏడో సూపర్ బౌల్, అన్నీ కలిపి 17. పదిహేడూ గెలిచారు. లీగ్ తొలినాళ్లలో ఓటమి ఎరగకుండా టైటిల్ కొట్టిన జట్లు లేకపోలేదు కానీ, వాటి ఖాతాలో డ్రాలున్నాయి.

ఈ ఘనత గురించి విన్నవాళ్లు ఎదురులేని వీరుల దండును ఊహించుకుంటారు. సీజన్‌ను ఆట ఆటగా చూస్తే ఆ బొమ్మ నిలవదు. జట్టును నడిపించాల్సిన ప్రధాన క్వార్టర్‌బ్యాక్ ఐదో ఆటలోనే కాలు విరిగి తప్పుకున్నాడు. అతని స్థానంలో దిగినవాడికి 38 ఏళ్లు. వేరే జట్టు వదిలేస్తే 100 డాలర్ల ఫీజు కట్టి తెచ్చుకున్న ఆటగాడు. ముందువరుసలో నిలబడి దారి చేసినవాళ్లలో సగం మంది ఇతర జట్లు వద్దనుకున్నవాళ్లే. ఒక ఆట ఒక్క పాయింటుతో, మరొకటి రెండు పాయింట్లతో గట్టెక్కాయి. ఎవరు లేకపోయినా ఆట ఆగని పద్ధతిలో జట్టును కట్టడమే ఈ సీజన్ అసలు విశేషం.

ఆట గురించి నాలుగు మాటలు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పక్షానికి 11 మంది. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు, ముందున్న సహచరుడికి విసరవచ్చు. బంతి చేతిలో ఉన్న పక్షం నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు పోవాలి. పోగలిగితే మరో నాలుగు ప్రయత్నాలు వస్తాయి, లేకపోతే బంతి ఎదుటివాళ్ల చేతికి పోతుంది. అందుకే నాలుగోసారి చాలామంది ఆశ వదులుకుని బంతిని దూరంగా తన్నేస్తారు. దాన్ని పంట్ అంటారు. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు, దానిమీద ఒక తన్నుతో మరో పాయింటు. గోల్ స్తంభాల మధ్యనుంచి తన్నితే ఫీల్డ్ గోల్, మూడు పాయింట్లు. ప్రతి ఎత్తుగడా క్వార్టర్‌బ్యాక్ చేతిమీదుగా మొదలవుతుంది. అతను బంతిని రన్నింగ్ బ్యాక్‌కు అందిస్తాడు, లేదా విసురుతాడు.

ఇక్కడ గడియారం సంగతి తెలియాలి. విసిరిన బంతి ఎవరికీ అందకుండా నేలను తాకితే గడియారం ఆగుతుంది. మైదానం లోపల పరుగెత్తి పడిపోతే నడుస్తూనే ఉంటుంది. కాబట్టి పరుగుమీద ఆధారపడే జట్టు నాలుగైదు గజాల చొప్పున నెమ్మదిగా ముందుకు పోతూ నిమిషాలకు నిమిషాలు మింగేస్తుంది. ఎదుటి జట్టు గట్టు మీద కూర్చుని చూడాల్సిందే. డాల్ఫిన్స్ బతుకుతెరువు ఇదే.

షూలా రాకముందు, వచ్చాక

లెబనాన్ మూలాలున్న లాయరు జో రాబీ, నటుడు డ్యానీ థామస్ కలిసి 1965లో ఈ జట్టును పెట్టారు. 1966లో, అప్పటికి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు పోటీగా నడుస్తున్న ఏఎఫ్‌ఎల్ అనే లీగ్‌లో బరిలోకి దిగింది. తొలి నాలుగు సీజన్లలో కలిపి 15 ఆటలు గెలిచింది, అంతే. 1970లో రెండు లీగ్‌లూ ఒకటయ్యాయి. అదే ఏడాది రాబీ బాల్టిమోర్ కోల్ట్స్ నుంచి డాన్ షూలాను కోచ్‌గా లాక్కొచ్చాడు. పద్ధతి ప్రకారం చేయలేదని లీగ్ పెద్దలు తప్పు పట్టి, కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో డాల్ఫిన్స్‌కు 1971లో రావలసిన మొదటి రౌండ్ ఎంపికను బాల్టిమోర్‌కు ఇప్పించారు. ఆ బేరంలో నష్టపోయింది ఎవరో త్వరలోనే తేలిపోయింది.

హంగరీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో, ఒహాయోలో పుట్టిన షూలాకు బాల్టిమోర్‌లో గెలుపులకు కొదవ లేదు. అయితే పెద్ద ఆటలో చేతులెత్తేస్తాడన్న పేరు కూడా అక్కడే వచ్చింది. 1964 ఫైనల్లో అతని జట్టు క్లీవ్‌ల్యాండ్ చేతిలో 27-0తో ఓడింది. 1968 సీజన్‌లో 13 ఆటలు గెలిచి వచ్చి, మూడో సూపర్ బౌల్‌లో ఎవరూ లెక్కచేయని న్యూయార్క్ జెట్స్‌కు 16-7తో తలవంచింది. మయామీకి రాగానే షూలా రోజుకు నాలుగు విడతల సాధన పెట్టాడు. అంతకుముందు ఏడాది మూడు ఆటలు గెలిచిన జట్టు ఆ ఏడు పది గెలిచింది.

1971లో ఇంకో మెట్టు ఎక్కారు. క్రిస్మస్ రోజున కాన్సస్ సిటీ చీఫ్స్‌తో జరిగిన ప్లేఆఫ్ రెండు అదనపు వ్యవధుల దాకా సాగి, 82 నిమిషాల 40 సెకన్ల ఆట తర్వాత మయామీ 27-24తో గెలిచింది. ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో అంతకన్నా పొడవైన ఆట ఇప్పటికీ లేదు. ఆ ఊపు ఆరో సూపర్ బౌల్‌లో డల్లాస్ కౌబాయ్స్ ముందు చల్లారింది. స్కోరు 24-3. సూపర్ బౌల్‌లో టచ్‌డౌన్ చేయలేకపోయిన తొలి జట్టుగా డాల్ఫిన్స్ మిగిలారు. ఆ ఆటకు ముందు అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ అర్ధరాత్రి దాటాక షూలాకు ఫోన్ చేసి, పాల్ వార్‌ఫీల్డ్‌కు ఫలానా రకంగా బంతి విసిరితే బాగుంటుందని సలహా ఇచ్చాడు. ఆటలో దాన్ని ప్రయత్నించారు కూడా. డల్లాస్ వాళ్లు అడ్డుకున్నారు. దేశాధ్యక్షులు ఫుట్‌బాల్ ఎత్తుగడలు చెప్పకపోవడమే మంచిదని ఆ ఆట తేల్చింది.

జట్టు

దాడి విభాగానికి బాబ్ గ్రీసీ క్వార్టర్‌బ్యాక్. ఆర్భాటం లేని ఆలోచనాపరుడు; మైదానంలో ఎత్తుగడలు తనే ఎంచుకునేవాడు. బంతి పట్టుకుని పరుగెత్తడానికి ముగ్గురు. ల్యారీ జోంకా సూటిగా గుద్దుకుంటూ పోయే రకం. ఒక ఆటలో తనను పట్టుకోబోయిన డిఫెండర్‌ను ముంజేత్తో కొట్టి, తన జట్టుకే పెనాల్టీ తెచ్చిపెట్టాడు. బంతి పట్టుకున్నవాడికి మొరటు ఆట పెనాల్టీ పడటం ఈ ఆటలో చాలా అరుదు. జిమ్ కీక్ అవసరమైన చోట రెండు మూడు గజాలు సంపాదించే నమ్మకస్తుడు. మెర్క్యురీ మారిస్ మెరుపు వేగంతో అంచుల వెంట పోయేవాడు. జోంకా, కీక్ ప్రాణస్నేహితులు. ‘బుచ్ క్యాసిడీ అండ్ ది సన్‌డ్యాన్స్ కిడ్’ అనే సినిమా అప్పటికి కొత్త. ఇద్దరినీ ఆ సినిమా దొంగల పేర్లతో పిలిచేవారు. ఆ జంట మధ్యలోకి ఈ సీజన్‌లో షూలా మారిస్‌ను దూర్చాడు. కీక్‌కు అది నచ్చలేదు. అయినా ప్లేఆఫ్‌లలో, సూపర్ బౌల్‌లో తప్పక కావలసిన టచ్‌డౌన్లు చేసింది కీకే.

బయటికి పాస్‌లు అందుకునేవాళ్లలో వార్‌ఫీల్డ్‌ది వేరే తరగతి. 1970లో క్లీవ్‌ల్యాండ్ నుంచి అతణ్ణి తెచ్చుకోవడానికి మయామీ తన మొదటి రౌండ్ ఎంపికను ఇచ్చేసింది. ఆ ఎంపికతో క్లీవ్‌ల్యాండ్ మైక్ ఫిప్స్ అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది. ఈ ఇద్దరూ ఎదురుపడే సందర్భం ముందుంది.

పేపర్లలో పేర్లు పడకపోయినా జట్టుకు అసలు బలం ముందువరుస. జిమ్ ల్యాంగర్‌ను క్లీవ్‌ల్యాండ్ తీసేసింది. ల్యారీ లిటిల్‌ను శాన్ డియేగో వదులుకుంది. బాబ్ కూచెన్‌బర్గ్‌ను ఫిలడెల్ఫియా తీసుకుని ఉంచుకోలేదు. నార్మ్ ఎవన్స్, వేన్ మూర్‌లతో కలిపి వీళ్లను లైన్ కోచ్ మాంటీ క్లార్క్ ఒక్క కదలికలా కదిలే గోడగా మలిచాడు. ల్యాంగర్, లిటిల్ ఇద్దరూ తర్వాత ఆట దిగ్గజాల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు. వదిలేసినవాళ్లు ఆ రోజు ఏమనుకుని ఉంటారో!

రక్షణ విభాగానికి ‘పేరు లేని డిఫెన్స్’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఆరో సూపర్ బౌల్‌కు ముందు డల్లాస్ కోచ్ టామ్ లాండ్రీ, వాళ్ల పేర్లు గుర్తు రావడం లేదు గానీ మంచి ఆటగాళ్లే అన్నట్టు మాట్లాడాడు. పత్రికలు దాన్ని పట్టుకున్నాయి. నాయకుడు నిక్ బ్యూనోకాంటీ మరీ పొడగరి కాదు. 1962 డ్రాఫ్ట్‌లో 13వ రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు. ఆడుతూనే లా డిగ్రీ చేశాడు. మధ్యలో మ్యానీ ఫెర్నాండెజ్, అంచున బిల్ స్టాన్‌ఫిల్, వెనక జేక్ స్కాట్, డిక్ ఆండర్సన్. కోచ్ బిల్ ఆర్న్స్‌పార్గర్ తెలివైన ఏర్పాటు ఒకటి చేశాడు. ముందువరుస వెనక నిలబడే లైన్‌బ్యాకర్ బాబ్ మాథెసన్‌ను ముందువరుసలోని ఒక లైన్‌మన్ బదులు దించేవాడు. అతను క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరుకుతాడో, వెనక్కి తగ్గి పాస్‌ను కాస్తాడో ఎదుటివాళ్లకు చివరిదాకా తెలిసేది కాదు. మాథెసన్ జెర్సీ నంబరు మీదుగా దానికి ‘53 డిఫెన్స్’ అని పేరు. ముగ్గురు లైన్‌మన్లు, నలుగురు లైన్‌బ్యాకర్లతో ఆడే పద్ధతి తర్వాతి పదేళ్లలో లీగంతా పాకడానికి ఇదొక దారి.

కిక్కర్ గారో యెప్రేమియన్ సైప్రస్‌లోని లార్నకాలో ఆర్మేనియన్ కుటుంబంలో పుట్టాడు. సాకర్ ఆటగాళ్లలా పాదం పక్క భాగంతో తన్నేవాడు. నెక్‌టైలు తయారు చేసి అమ్మడం అతని రెండో వృత్తి.

1972లో మారిన గీతలు

ఆ ఏడాది లీగ్ ఒక చిన్న మార్పు చేసింది. ప్రతి ఎత్తుగడకూ బంతిని ఉంచే అడ్డగీతలను మైదానం మధ్యకు బాగా దగ్గరగా జరిపింది. అంతకుముందు బంతి ఒక పక్క అంచుకు దగ్గరగా పడితే ఆ వైపు పరుగెత్తడానికి జాగా ఉండేది కాదు. డిఫెన్స్ వాళ్లు రెండోవైపు మోహరించేవారు. ఇప్పుడు రెండు వైపులా జాగా దొరికింది. పాస్‌లు పెరుగుతాయని లీగ్ ఆశించింది, పెరిగింది పరుగులు. ఆ సీజన్‌లో పదిమంది వెయ్యి గజాలు అందుకున్నారు. ఈ మార్పు అందరికీ వర్తించిందే. అయితే జోంకా నడిమధ్యన, మారిస్ అంచుల్లో పరుగెత్తే మయామీకి ఇది కుట్టించినట్టు సరిపోయింది.

సీజన్ నడక

మొదటి ఆట సెప్టెంబర్ 17న కాన్సస్ సిటీలో. క్రిస్మస్ నాటి ఆట ఆడిన పాత మైదానాన్ని చీఫ్స్ వదిలేసింది. కొత్తగా కట్టిన యారోహెడ్ స్టేడియంలో ఇదే తొలి లీగ్ ఆట. మయామీ 20-10తో గెలిచింది. తర్వాత హ్యూస్టన్‌ను 34-13తో ఓడించింది.

మూడో ఆట మిన్నెసోటాలో. ఆఖరి భాగంలో 14-6తో వెనకబడి ఉన్నారు. యెప్రేమియన్ 51 గజాలనుంచి ఫీల్డ్ గోల్ కొట్టాడు. ఆట ఇక 1 నిమిషం 28 సెకన్లు ఉందనగా గ్రీసీ మూడు గజాల పాస్‌తో జిమ్ మ్యాండిచ్ చేత టచ్‌డౌన్ చేయించాడు. 16-14. ఈ సీజన్ చేజారిపోవడానికి అత్యంత దగ్గరగా వచ్చిన లీగ్ ఆట ఇదేనని చెప్పవచ్చు. తర్వాతి వారం న్యూయార్క్‌లో జెట్స్‌ను 27-17తో ఓడించారు.

అక్టోబర్ 15న శాన్ డియేగోతో ఆట మొదట్లోనే ఇద్దరు డిఫెండర్లు మీద పడటంతో గ్రీసీ కుడికాలి ఎముక విరిగింది, చీలమండ తొలగింది. ఎర్ల్ మొరాల్ మైదానంలోకి నడిచాడు.

మొరాల్ కథ ఈ సీజన్‌లో మరో సీజన్ లాంటిది. 1956లో ఆడటం మొదలుపెట్టాడు. మయామీ అతనికి ఆరో జట్టు. 1968లో బాల్టిమోర్‌లో షూలా దగ్గరే ఉన్నాడు. అక్కడా ప్రధాన క్వార్టర్‌బ్యాక్ జానీ యునైటస్ గాయపడితే దిగి, లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడిగా నిలిచాడు. కానీ జెట్స్‌తో జరిగిన ఆ సూపర్ బౌల్‌లో మొదటి సగంలోనే మూడు పాస్‌లు ఎదుటివాళ్ల చేతుల్లో పెట్టాడు. ఒక ఎత్తుగడలో జిమ్మీ ఓర్ కాపలా లేకుండా చేతులూపుతుంటే అతణ్ణి చూడనేలేదు. ఆ ఓటమి మొరాల్‌నూ షూలానూ వదల్లేదు. 1972లో బాల్టిమోర్ వదిలేసిన మొరాల్‌ను షూలా పట్టుబట్టి తెప్పించుకున్నాడు. గ్రీసీ పడిపోయిన రోజు శాన్ డియేగోపై 24-10తో గెలిపించి, మిగిలిన తొమ్మిది లీగ్ ఆటలకూ అతనే సారథ్యం వహించాడు. అతన్నుంచి షూలా అద్భుతాలు కోరలేదు. బంతిని జోంకాకు, మారిస్‌కు భద్రంగా అందించడం, అవసరమైనప్పుడు ఒకటి రెండు పాస్‌లు, అంతే కోరాడు.

తర్వాతి వారం బఫెలోతో 24-23. ఒక్క పాయింటు. ఆపైన బాల్టిమోర్‌లో 23-0, బఫెలోలో 30-16. నవంబర్ 12న న్యూ ఇంగ్లండ్‌ను 52-0తో చితక్కొట్టారు. అది కోచ్‌గా షూలాకు నూరో లీగ్ విజయం. మరుసటి వారం జెట్స్ గట్టిగా పట్టారు. ఆ ఆటలో 38 ఏళ్ల మొరాల్ స్వయంగా బంతి పట్టుకుని 31 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 28-24తో గెలిచి తమ గ్రూపు (డివిజన్) టైటిల్ ఖాయం చేసుకున్నారు. సెయింట్ లూయిస్‌పై 31-10, న్యూ ఇంగ్లండ్‌లో 37-21, న్యూయార్క్ జెయింట్స్‌పై 23-13. డిసెంబర్ 16న బాల్టిమోర్‌ను 16-0తో ఓడించడంతో లీగ్ దశ 14-0తో ముగిసింది. అదే ఆటలో గ్రీసీ కాసేపు మైదానంలో కనిపించాడు.

ఈ 14 ఆటల్లో డాల్ఫిన్స్ చేసిన పాయింట్లు 385, ఇచ్చినవి 171. రెండింటా లీగ్‌లో మొదటి స్థానం. పరుగుతో సంపాదించిన గజాలు 2,960. 1936నుంచి నిలిచిన రికార్డు పోయింది. జోంకా 1,117 గజాలు పరుగెత్తాడు. మారిస్ లెక్క మాత్రం 991 దగ్గర ఆగింది. ఆ తర్వాత బఫెలో ఆట ఫిల్మ్‌ను లీగ్ మళ్లీ చూసింది. అతని ఖాతాలో వేసిన తొమ్మిది గజాల నష్టం నిజానికి మొరాల్ తప్పుగా విసిరిన బంతిదని తేల్చి సరిదిద్దింది. సరిగ్గా 1,000. ఒకే జట్టులో ఇద్దరు వెయ్యి గజాలు చేరడం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అదే మొదటిసారి.

ఆరెంజ్ బౌల్ స్టేడియంలో అభిమానులు తెల్ల చేతిరుమాళ్లు ఊపుతూ గోల చేసేవారు. వాళ్లు కాక మిగతా మయామీకి ఆ దృశ్యం కనిపించేది కాదు. సొంతూళ్లో జరిగే ఆటను, టికెట్లన్నీ అమ్ముడైపోయినా సరే, ఆ ఊరి టీవీలో చూపకూడదన్నది అప్పటి లీగ్ నియమం. అంటే చరిత్రలో నిలిచిన సీజన్‌లో సగాన్ని మయామీ జనం రేడియోలోనే విన్నారు. 1973లో అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసి ఈ నియమాన్ని సడలించింది.

ప్లేఆఫ్‌లు

డిసెంబర్ 24న ఆరెంజ్ బౌల్‌లో క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్‌తో మొదటి నాకౌట్. పంట్‌ను అడ్డుకుని చార్లీ బాబ్ చేసిన టచ్‌డౌన్‌తో మయామీ ముందుకు పోయింది. ఆఖరి భాగంలో ఫిప్స్ విసిరిన పాస్‌తో క్లీవ్‌ల్యాండ్ 14-13తో పైచేయి సాధించింది. అప్పుడు వార్‌ఫీల్డ్ 35 గజాల పాస్ ఒకటి, 15 గజాలది ఒకటి అందుకుని తన పాత జట్టును వెనక్కి నెట్టాడు. 4 నిమిషాల 56 సెకన్లు మిగిలి ఉండగా కీక్ ఎనిమిది గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 20-14. ఫిప్స్ ఆ రోజు ఐదుసార్లు బంతిని మయామీ చేతుల్లోకి విసిరాడు. వార్‌ఫీల్డ్‌ను ఇచ్చి ఫిప్స్‌ను తెచ్చుకున్న బేరం మీద ఇంతకన్నా కఠినమైన తీర్పు ఉండదు.

లీగ్‌లోని రెండు సగాల్లో ఒకటైన ఏఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్ ఆట, సెమీఫైనల్ లాంటిది, డిసెంబర్ 31న పిట్స్‌బర్గ్‌లో జరిగింది. ఒక్క ఆట ఓడని జట్టు బయటి ఊరికి వెళ్లడమేమిటని అనిపిస్తుంది. అప్పట్లో ఆతిథ్యం డివిజన్ల వంతుల ప్రకారం తిరిగేది. ఆ ఏడు వంతు పిట్స్‌బర్గ్ డివిజన్‌ది. మొదట పిట్స్‌బర్గ్ 7-0తో ముందుంది. పంట్ తన్నడానికి నిలబడ్డ ల్యారీ సీపుల్, ఎదుటివాళ్లు తనకేసి చూడకుండా వెనుదిరగడం గమనించాడు. ఎవరినీ అడగలేదు. బంతి పట్టుకుని 37 గజాలు పరుగెత్తాడు. ఆ పరుగు చలవతో మొరాల్ పాస్ అందుకుని జోంకా స్కోరు సమం చేశాడు. రెండో సగంలో 10-7తో వెనకబడగానే షూలా కఠిన నిర్ణయం తీసుకున్నాడు. ఇన్ని వారాలు ఒక్క ఆట ఓడనివ్వని మొరాల్‌ను కూర్చోబెట్టి, రెండు నెలలకు పైగా ఆటకు దూరమైన గ్రీసీని దించాడు. గ్రీసీ వెంటనే వార్‌ఫీల్డ్‌కు 52 గజాల పాస్ వేశాడు. కీక్ రెండు టచ్‌డౌన్లు చేశాడు. 21-17. సూపర్ బౌల్‌కు కూడా గ్రీసీయే అని షూలా మొరాల్‌తో నేరుగా చెప్పాడు. మొరాల్ బాధపడ్డాడు కానీ గొడవ చేయలేదు.

ఏడో సూపర్ బౌల్

లాస్ ఏంజిలెస్ కొలోసియంలో 90,182 మంది ముందు, జనవరిలో 29 డిగ్రీల సెల్సియస్ ఎండలో వాషింగ్టన్ రెడ్‌స్కిన్స్‌తో ఆట. కోచ్ జార్జ్ అలెన్, ఆ ఏటి మేటి ఆటగాడు ల్యారీ బ్రౌన్ వాషింగ్టన్ వైపు. 16-0తో వచ్చిన మయామీ కన్నా వాషింగ్టన్‌కే పందెగాళ్లు కాస్త మొగ్గు చూపారు. షూలా పెద్ద ఆట గెలవలేడన్న పాత మాట అప్పటికింకా చచ్చిపోలేదు.

ఆట చూడటానికి రంజుగా సాగలేదు. గ్రీసీ మొత్తం విసిరినవి 11 పాస్‌లు, అందినవి ఎనిమిది. హోవర్డ్ ట్విల్లీ 28 గజాల పాస్‌తో మొదటి టచ్‌డౌన్ చేశాడు. మొదటి సగం ముగుస్తుందనగా బ్యూనోకాంటీ పాస్‌ను పట్టేసి 32 గజాలు తెచ్చాడు. అక్కణ్నుంచి కీక్ ఒక గజం దూరంలో పని ముగించాడు. 14-0. ఆపైన జోంకా పరుగు, గడియారం నడక. అతను ఆ రోజు 15 సార్లు బంతి పట్టి 112 గజాలు పోయాడు. వాషింగ్టన్ గీత దగ్గరికి వచ్చినప్పుడు విసిరిన పాస్‌ను స్కాట్ చివరి గీత అవతలి ఎండ్ జోన్‌లోనే పట్టేసి 55 గజాలు వెనక్కి మోసుకుపోయాడు. మేటి ఆటగాడి బహుమతి అతనికిచ్చారు. మధ్యలో నిలబడి బ్రౌన్‌ను ఎటూ కదలనివ్వని ఫెర్నాండెజ్‌కు ఇవ్వాల్సిందని సహచరులు చాలాకాలం అన్నారు, ఆ వాదనలో న్యాయముంది.

తర్వాత జరిగింది ఈ ఆటంతటికీ గుర్తుగా మిగిలిపోయింది. రెండు నిమిషాలు పైచిలుకు ఉండగా యెప్రేమియన్ 42 గజాల ఫీల్డ్ గోల్‌కు వచ్చాడు. అది పడితే 17-0 సీజన్‌కు 17-0 స్కోరు కుదిరేది. బిల్ బ్రండిజ్ చెయ్యి తగిలి బంతి వెనక్కి పడింది. దానిమీద పడుకుని ఊరుకుంటే సరిపోయేది. యెప్రేమియన్ దాన్ని తీసుకుని పాస్ వేయబోయాడు. బంతి చేతిలోంచి జారి పైకి లేచింది, అతని చేతికే తగిలి ఇంకా పైకి పోయింది. వాషింగ్టన్ ఆటగాడు మైక్ బాస్ గాల్లోనే అందుకుని 49 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 14-7, ఇంకా 2 నిమిషాల 7 సెకన్లు. గట్టు మీదికి వచ్చిన యెప్రేమియన్ వైపు ఎవరూ ఆప్యాయంగా చూడలేదని వేరే చెప్పనక్కర్లేదు. చివరికి వాషింగ్టన్‌కు మరోసారి బంతి దక్కింది. నాలుగో ప్రయత్నంలో వెర్న్ డెన్ హెర్డర్, స్టాన్‌ఫిల్ క్వార్టర్‌బ్యాక్ బిల్లీ కిల్మర్‌ను పడగొట్టారు. ఆట అయిపోయింది. షూలాను భుజాలకెత్తుకున్నారు, ఆ సందట్లో చెయ్యి కలుపుతున్నట్టు వచ్చి ఒక కుర్రాడు తన గడియారం కొట్టేశాడని, తనే వెంటపడి తెచ్చుకున్నానని షూలా తర్వాత చెప్పుకునేవాడు.

ఎంత గొప్ప సీజన్?

ఈ రికార్డు మీద పాత ఆరోపణ ఒకటుంది: ఎదురైనవాళ్లు బలహీనులు. అందులో నిజముంది. లీగ్ దశలో మయామీ ఆడిన జట్లలో ఓటముల కన్నా గెలుపులు ఎక్కువున్నవి రెండే, కాన్సస్ సిటీ, జెయింట్స్. ఆ రెండూ 8-6తో సరిపెట్టుకున్నవే. అయితే షెడ్యూలు జట్టు రాసుకునేది కాదు. నాకౌట్‌లో ఎదురైన మూడు జట్లూ పది అంతకన్నా ఎక్కువ ఆటలు గెలిచి వచ్చినవి. ఆ మూడింటినీ కలిపి మయామీ గెలిచిన తేడా 17 పాయింట్లు. మార్గం సులువైతే దాన్ని తడబడకుండా దాటడం ఒక నైపుణ్యం, కఠినమైన మూడు ఆటలను కొద్ది తేడాతో గెలవడం మరో నైపుణ్యం. మొదటిదాన్ని చూసి రెండోదాన్ని మరిచిపోవడం సరికాదు.

ఆటగాళ్లలో కొందరికి మాత్రం 1973 జట్టే మెరుగనిపించేది. ఆ ఏడు 12 గెలిచి రెండు ఓడి, మిన్నెసోటాను 24-7తో ఓడించి వరసగా రెండో సూపర్ బౌల్ అందుకున్నారు. బలంలో వాళ్ల అభిప్రాయమే నిజమై ఉండవచ్చు. 1974 మార్చిలో జోంకా, కీక్, వార్‌ఫీల్డ్ ముగ్గురూ కొత్తగా పుట్టిన వరల్డ్ ఫుట్‌బాల్ లీగ్‌తో భారీ ఒప్పందం చేసుకున్నారు. 1975లో వెళ్లారు, ఆ లీగ్ అదే ఏడు మూతపడింది. మయామీ వైభవం కూడా అక్కడితో చెదిరింది.

తర్వాత వచ్చినవాళ్లు

1934, 1942లలో చికాగో బేర్స్ లీగ్ దశంతా గెలిచి ఫైనల్లో ఓడింది. 1985లో అదే చికాగో 12 గెలిచి మయామీకి వచ్చింది. డిసెంబర్ 2 రాత్రి అప్పటికీ షూలా కోచ్‌గా ఉన్న డాల్ఫిన్స్ 38-24తో దాన్ని ఓడించింది. 1972 ఆటగాళ్లు కొందరు వచ్చి మైదానం అంచున నిలబడ్డారు. చికాగో ఆ ఏడు ఓడింది ఆ ఒక్క ఆటే. రికార్డుకు అత్యంత దగ్గరగా వచ్చింది 2007 న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్. లీగ్ దశ 16-0, ప్లేఆఫ్‌లు రెండూ గెలుపే. 2008 ఫిబ్రవరి 3న సూపర్ బౌల్‌లో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 17-14తో ఓడింది. ఆట ప్రతిభలో ఆ జట్టు మయామీ కన్నా పైనుందని అనుకునేవాళ్లు చాలామంది. ఈ వ్యాసకర్తకూ అదే అనిపిస్తుంది. కానీ ఈ లెక్కలో ప్రతిభకు మార్కులు లేవు.

ప్రతి ఏడూ చివరి అజేయ జట్టు ఓడిన రోజున 1972 ఆటగాళ్లంతా ఒకచోట చేరి షాంపేన్ తాగుతారన్న ప్రచారం అమెరికాలో పాతుకుపోయింది. అందరూ కూడి చేసుకునే ఏర్పాటంటూ ఏదీ లేదని వాళ్లు పలుమార్లు చెప్పారు. ఇరుగుపొరుగున ఉండే ఇద్దరు ముగ్గురు ఎప్పుడో గ్లాసులు తాకించిన మాట నిజం. కొందరు మాత్రం టీవీ ప్రకటనల్లో ఆ కథతో సరదాగా డబ్బు చేసుకున్నారు.

ఈ జట్టునుంచి గ్రీసీ, జోంకా, వార్‌ఫీల్డ్, ల్యాంగర్, లిటిల్, బ్యూనోకాంటీ, షూలా హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. ఆటగాళ్లను వెతికి తెచ్చిన బాబీ బెథార్డ్‌ను కూడా 2018లో చేర్చారు. షూలా 347 విజయాలతో, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గెలిచిన కోచ్‌గా రిటైరై, 2020 మేలో 90 ఏళ్ల వయసులో మరణించాడు. 2013 ఆగస్టు 20న అధ్యక్షుడు ఒబామా ఈ జట్టును శ్వేతసౌధానికి పిలిచాడు. 1973లో ఆ ఆహ్వానం అందలేదు. కూచెన్‌బర్గ్, ల్యాంగర్, ఫెర్నాండెజ్ రాజకీయ అభిప్రాయాల వల్ల వెళ్లలేదు.

ఆట ఈ మనుషుల శరీరాలనుంచి ఏం తీసుకుందో కూడా రాయాలి. తలకు పదేపదే దెబ్బలు తగలడం వల్ల వచ్చే మెదడు క్షీణత వ్యాధి సీటీఈ. మొరాల్, స్టాన్‌ఫిల్, కూచెన్‌బర్గ్, కీక్ మరణించాక వాళ్ల మెదళ్లను పరీక్షించినప్పుడు ఆ వ్యాధి బయటపడింది. బ్యూనోకాంటీ తన జ్ఞాపకశక్తి దెబ్బతింటోందని బహిరంగంగా చెప్పి, 2017లో తన మెదడును పరిశోధనకు ఇస్తానని ప్రకటించాడు, 2019లో కన్నుమూశాడు. అతని కొడుకు కాలేజీ ఫుట్‌బాల్ ఆడుతూ 1985లో వెన్నెముక దెబ్బతిని పక్షవాతానికి గురయ్యాడు. ఆ కుటుంబం సహస్థాపకులుగా నిలిచిన పక్షవాత పరిశోధన సంస్థ ‘మయామీ ప్రాజెక్ట్’ ఇప్పటికీ పనిచేస్తోంది.

లీగ్ దశ 1978లో 16 ఆటలకు, 2021లో 17 ఆటలకు పెరిగింది. ఇప్పుడు ఏ జట్టయినా ఓటమి లేకుండా టైటిల్ అందుకోవాలంటే, ప్లేఆఫ్ మొదటి అంచెను ఆడకుండా దాటే వెసులుబాటు దొరికినా, 20 ఆటలు గెలవాలి.